బిస్మిల్లాకు ముందటి నాలుగేళ్ళు

సర్వ స్తోత్రాలు, సకల ప్రశంసలు అఖిల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతీ శుభాలు వర్షించుగాక!



పిల్లవాడికి నాలుగు సంవత్సరాల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే ‘బిస్మిల్లా ఖ్వానీ’ జరిపించే ఆనవాయితీ మనలో ఉంది. బిడ్డకు కొత్త బట్టలు తొడుగుతారు, మెడలో పూలదండ వేస్తారు, మౌల్వీ సాబ్ ముందు కూర్చోబెట్టి దైవనామంతో తొలి అక్షరాలు పలికిస్తారు. బంధువులు వస్తారు, బిర్యానీ వండుతారు. దైవప్రవక్త (స) సంప్రదాయంలో ఈ లెక్కకు ఆధారం లేదని పండితులు చెబుతారు. ఆ మాట వాస్తవమే. అయినా ఒక ముస్లిం కుటుంబం తన బిడ్డ చదువు మొదలైన రోజును పండుగ చేసుకోవడంలో తప్పు పట్టవలసింది నాకేమీ కనిపించదు. మన ఇరుగుపొరుగు హిందూ కుటుంబాలు అక్షరాభ్యాసం జరుపుకున్నట్టే మనమూ మన పద్ధతిలో ఆ రోజును గుర్తుపెట్టుకుంటున్నాం. ఈ రోజు నా ప్రశ్న ఆ పండుగ గురించి కాదు. ఆ పండుగకు ముందు గడిచిపోయిన నాలుగు సంవత్సరాల నాలుగు నెలల గురించి. ఆ కాలంలో ఆ బిడ్డ చదువు మొదలుకాలేదా? మొదలైతే, దానికి ఉపాధ్యాయుడు ఎవరు?

దివ్య ఖుర్‌ఆన్‌లోని పదహారవ సూరా డెబ్భై ఎనిమిదవ వాక్యంలో అల్లాహ్ మనకు ఒక సంగతి గుర్తుచేస్తున్నాడు. మనం తల్లుల గర్భాల నుంచి బయటికి వచ్చినప్పుడు మనకు ఏమీ తెలియదు. ఆయనే మనకు వినే శక్తిని, చూసే శక్తిని, గ్రహించే హృదయాన్ని ప్రసాదించాడు. ఆ వరుస గమనించండి. మొదట చెవి, తరువాత కన్ను, ఆ తరువాత హృదయం. గర్భంలో ఉండగానే శిశువు తల్లి గొంతు వింటుందని, పుట్టిన కొద్ది రోజులకే ఆ గొంతును మిగతా గొంతుల నుంచి వేరుగా గుర్తుపడుతుందని నేటి వైద్యులు చెబుతున్నారు. మన పెద్దలు ఈ సంగతి పుస్తకాల్లో చదవలేదు. అయినా బిడ్డ పుట్టగానే మనం చేసే మొదటి పని చెవిలో అజాన్ పలకడం. అంటే ముస్లిం బిడ్డ పాఠశాల మొదటి గంట దాని చెవిలోనే మోగుతుంది. విచారకరమైన విషయమేమంటే, ఆ గంట కొట్టిన తరువాత మనం పాఠశాల తలుపు మూసేసి, నాలుగేళ్ళ తరువాత పూలదండతో మళ్ళీ తెరుస్తున్నాం. ఈ మధ్యకాలంలో ఆ చెవిని ఎవరికి అప్పగించామో ఒక్కసారి ఆలోచించండి. చాలా ఇళ్ళల్లో ఫోనుకు అప్పగించాం.

మానవజాతి తొలి పాఠం కూడా ఖుర్‌ఆన్‌లోనే ఉంది. అల్లాహ్ హజ్రత్ ఆదం (అలై) కు అన్ని వస్తువుల పేర్లు నేర్పాడని రెండవ సూరా చెబుతోంది. మొదట పేర్లు. పసిబిడ్డ చేసేదీ అదే. వేలు చూపిస్తుంది, మీ ముఖం వైపు చూస్తుంది. అది ఏమిటని అడుగుతోంది. మీరు పేరు చెబితే ఒక పాఠం పూర్తయింది. మీరు వేరే వైపు చూస్తూ ఉంటే, రెండుసార్లు, మూడుసార్లు చూపించి తరువాత చూపించడం మానేస్తుంది. అక్షరాలు, పలక, బలపం వీటన్నిటికంటే ముందున్న చదువు ఇది. నోటిలో మాట లేని బిడ్డకు పుస్తకంలో మాట అర్థం కాదు.

2020లో మన దేశ ప్రభుత్వం ప్రకటించిన జాతీయ విద్యా విధానం, మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని పేర్కొన్నది. అదే పత్రం, ప్రాథమిక పాఠశాలల్లో చదువుతున్న పిల్లల్లో ఐదు కోట్లమందికి పైగా చదివి అర్థం చేసుకోవడం, చిన్నచిన్న లెక్కలు చేయడం రానివారేనని ఒప్పుకున్నది. ఆ లోపాన్ని సరిదిద్దడానికే 2021 జూలైలో ‘నిపుణ్ భారత్’ అనే కార్యక్రమం ప్రారంభించారు. మన సముదాయం సంగతి అంతకుముందే, 2006లో, సచార్ కమిటీ నివేదిక బయటపెట్టింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి ఇరవై ఐదుగురు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని ఆ నివేదిక తేల్చింది. నలుగురిలో ఒకరు. మానేసిన పిల్లవాడిని అడిగితే, పేదరికం అంటాడు, పని అంటాడు. కొంచెం నిదానంగా అడిగితే, తరగతిలో చెప్పేది అర్థం కాలేదంటాడు. అర్థం కాకపోవడం ఐదో తరగతిలో మొదలుకాదు సోదరులారా. అది మూడేళ్ళ వయసులో, మాట్లాడేవారు లేని ఇంట్లో మొదలవుతుంది.

ఇక్కడ మరొక సంగతి కూడా తెలుసుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వరకు ఉన్న పిల్లలకు వర్తిస్తుంది. ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణకు, విద్యకు రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 45వ అధికరణంలో చెప్పింది గానీ, అది ఆదేశ సూత్రం. న్యాయస్థానంలో అడిగి తీసుకోగలిగే హక్కు కాదు. చట్టం ఆరేళ్ళ నుంచి లెక్క మొదలుపెడుతుంది. అల్లాహ్ ముందు మన లెక్క అంతకంటే చాలా ముందు మొదలవుతుంది. ప్రతి ఒక్కరూ కాపరేననీ, తన మంద గురించి ప్రశ్నించబడతారనీ దైవప్రవక్త (స) బోధించారు కదా! ఆ మందలో ఆరేళ్ళ లోపు పిల్లలు లేరని ఎవరూ అనలేరు.

దైవప్రవక్త (స) చిన్నపిల్లలతో ఎలా మాట్లాడేవారో చూద్దాం. హజ్రత్ అనస్ (రజి) కు ఒక తమ్ముడు ఉండేవాడు. పాలు విడిచిన వయసు పిల్లవాడు. వాడు ఒక చిన్న పిట్టను పెంచుకుంటూ దానితో ఆడుకునేవాడు. దైవప్రవక్త (స) వారి ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ పసివాణ్ణి పెద్దవాళ్ళను పిలిచినట్టు ‘అబూ ఉమైర్’ అని గౌరవంగా పిలిచి, ఆ పిట్ట ఏమైందని అడిగేవారు. ఆ పిట్టను అరబీలో ‘నుగైర్’ అంటారు. ఉమైర్, నుగైర్. రెండు మాటలకూ ప్రాస కుదిరేలా ఆ ప్రశ్న ఉండేది. ఈ హదీసు నుంచి మన పండితులు ఎన్నో ధర్మసూక్ష్మాలు వెలికితీశారు. నేను ఒక్క విషయం దగ్గర ఆగిపోతాను. అప్పటికి ఆ మహనీయుని భుజాల మీద ఒక సమాజం భారం ఉంది. రాయబారులు వస్తున్నారు, శత్రువులు చుట్టుముడుతున్నారు, దైవవాణి అవతరిస్తోంది. అంతటి వ్యక్తి ఒక పసివాడి ముందు ఆగి, ఆ పసివాడికి ప్రియమైన విషయం గురించి, ఆ పసివాడు మళ్ళీ మళ్ళీ పలకాలనుకునేంత ఇంపుగా ఉండే మాటల్లో ప్రశ్న అడిగారు. అడిగి, జవాబు కోసం ఆగారు.

చదువు నేర్పేవారు నేడు చెబుతున్నది సరిగ్గా ఇదే. పిల్లలకు ప్రాస వినిపించండి, మాటల్లోని ధ్వనులతో ఆడుకోనివ్వండి, ధ్వనులను విడదీసి వినగలిగిన చెవికే అక్షరం త్వరగా పట్టుబడుతుంది అంటారు. పిల్లవాడు చూపే వస్తువు గురించే మాట్లాడండి, మీకు తోచిన దాని గురించి కాదు అంటారు. ప్రశ్న అడిగిన తరువాత కాసేపు మౌనంగా ఉండండి, మాట వెతుక్కోవడానికి వాడికి సమయం పడుతుంది అంటారు. మన జోలపాటలు, పొడుపుకథలు, అవ్వ ఒళ్ళో చెప్పే నక్క కథలు ఈ పని వందల ఏళ్ళుగా చేస్తూనే వచ్చాయి. వాటి స్థానంలోకి వచ్చిన ఫోను ప్రాస వినిపిస్తుంది, బొమ్మ చూపిస్తుంది. కానీ పిల్లవాడి జవాబు కోసం ఆగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకు తెర చూపించకపోవడమే మేలు; రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించకూడదు. మన ఇళ్ళల్లో అన్నం తినిపించడానికే ఆ గంట చాలడం లేదు.

అన్నం అన్నాను గనక మరొక హదీసు చెబుతాను. ఉమర్ బిన్ అబీ సలమా (రజి) దైవప్రవక్త (స) ఇంట్లో పెరిగిన బాలుడు. భోజనం చేస్తుండగా చెయ్యి పళ్ళెమంతా తిరుగుతూ ఉండేది. దైవప్రవక్త (స) గద్దించలేదు. అల్లాహ్ పేరు తలచుకోమని, కుడిచేత్తో తినమని, తన ముందున్నది తినమని మూడు చిన్న మాటలు చెప్పారు. ఆనాటి నుంచి తన భోజన పద్ధతి అదేనని ఆ బాలుడు పెద్దవాడయ్యాక చెప్పుకున్నాడు. భోజనం చేసే చోటే పాఠశాల అయింది. మీ ఇంట్లో బిడ్డకు ముద్ద పెట్టేటప్పుడు ఆ ముద్దలో ఏముందో చెప్పండి. ఈ అన్నం పెన్నా నీళ్ళతో పండిన అన్నమని, ఈ చేప ఎక్కడి నుంచి వచ్చిందో, ఈ ఉప్పు మడుల్లో ఎలా తేలుతుందో చెప్పండి. అరగంట పడుతుంది. ఆ అరగంటలో వంద మాటలు బిడ్డకు చేరతాయి.

ఇక భాష సంగతి. దీన్ని గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో గందరగోళం ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

ఈ సముద్రతీరంలో కావలి నుంచి తడ వరకు ఉన్న ముస్లిం కుటుంబాల్లో అందరి ఇంటి భాష ఒకటి కాదు. కొందరి ఇళ్ళల్లో నక్కో, హౌ, కైకు అనే దక్కనీ ఉర్దూ. నూర్‌బాషా సోదరుల ఇళ్ళల్లో తరతరాలుగా అచ్చమైన తెలుగు. దక్షిణాన కొన్ని ఇళ్ళల్లో తమిళం కూడా వినిపిస్తుంది. బిడ్డ ఇంట్లో ఒక భాష, వీధిలో తెలుగు, మక్తబ్‌లో అరబీ అక్షరాలు, బడిలో ఇంగ్లీషు వింటుంది. అలీఫ్, బే కుడి నుంచి ఎడమకు. అ, ఆ ఎడమ నుంచి కుడికి. ఇన్ని ఎలా మోయగలదని తల్లిదండ్రులు భయపడుతున్నారు. భయపడి ఏం చేస్తున్నారు? ఇంటి భాషను మానేస్తున్నారు. తమకే సరిగా రాని ఇంగ్లీషులో నాలుగు ఆజ్ఞలు నేర్చుకుని, ‘కమ్’, ‘సిట్’, ‘ఈట్’ అంటూ రెండేళ్ళ బిడ్డతో మాట్లాడుతున్నారు. ఆ నాలుగు మాటలతో కథ చెప్పగలరా? ధర్మం చెప్పగలరా? బిడ్డ భయపడి రాత్రి లేచి ఏడిస్తే ఆ నాలుగు మాటలతో ఓదార్చగలరా?

పిల్లల మెదడు రెండు మూడు భాషలను మోయగలదు. మన తాతముత్తాతలు మోశారు. కొన్నాళ్ళు అక్షరాన్ని తిప్పి రాస్తుంది, దిక్కు తికమక పడుతుంది. అది ఎదుగుదలలో భాగమే, తిట్టవలసిన తప్పు కాదు. మోయలేనిది ఒక్కటే. ఏ భాషా నిండుగా లేని స్థితి. ఒక భాషలో నిండుగా ఆలోచించడం వచ్చిన బిడ్డ రెండవ భాషలోకి ఆ ఆలోచనను తీసుకుపోతుంది. తీసుకుపోవడానికి అసలు ఏమీ లేని బిడ్డ రెండు భాషల మధ్య ఒట్టి చేతులతో నిలబడుతుంది. కాబట్టి మీ ఇంట్లో ఏ భాష నిండుగా ఉందో ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడండి. అల్లాహ్ ఏ ప్రవక్తను పంపినా ఆయా జాతి మాట్లాడే భాషలోనే పంపాడని పద్నాలుగవ సూరా చెబుతోంది. భాషల వైవిధ్యాన్ని తన సూచనల్లో ఒకటిగా ముప్ఫయ్యవ సూరా పేర్కొంటోంది. తెలుగు మాట్లాడే ముస్లింను తక్కువ ముస్లింగా చూసే అలవాటు మనలో కొందరికి ఉంది. ఈ మింబర్ మీద నిలబడి చెబుతున్నాను, ఆ అలవాటుకు ధర్మంలో స్థానం లేదు. ఖుర్‌ఆన్ భావాన్ని తెలుగులోకి తీసుకురావడానికి తొలినాళ్ళలో పూనుకున్న చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కూడా కారు. పరాయివారు గౌరవించిన మన భాషను మనమే మన బిడ్డ ముందు చిన్నబుచ్చకూడదు.

మన తీరం పిల్లలకు అక్షరాలు నేర్చుకోవడంలో ఒక సౌకర్యం కూడా ఉంది. తెలుగులో గుణింతం, వత్తు లేకుండా రాయగలిగే మాటలు మొదట నేర్పాలని పంతుళ్ళకు తెలుసు. అల. వల. పడవ. మూడూ గుణింతం లేని మాటలు, మూడూ మన ముంగిట్లోవి. మైపాడులోనో, కోడూరులోనో, జువ్వలదిన్నెలోనో తడి ఇసుక మీద వేలితో రాయించవచ్చు. అల వచ్చి తుడిచేస్తుంది, మళ్ళీ రాయవచ్చు. పలక కొనవలసిన పని కూడా లేదు. ఆ మూడు మాటల్లో ఐదు అక్షరాలు వచ్చేస్తాయి. ఆ తరువాత ఇసుక, చేప, పీత. రొయ్య కొంచెం ఆగాలి, దానికి యవత్తు ఉంది. రొయ్యల గుంటల మీద పనిచేసే తండ్రి తన బిడ్డకు ఆ మాట రాయడం నేర్పిన రోజున, తన పనికి కూడా పుస్తకంలో చోటుందని ఆ బిడ్డకు తెలుస్తుంది. కాన్వెంటు పుస్తకంలో ఆపిల్ పండు చూసిన బిడ్డకు ఆ గౌరవం దొరకదు.

తల్లులారా! కొందరు తల్లులు నాకు చదువు రాదు, నేనేం నేర్పగలను అంటారు. చదువు రాని తల్లి కూడా కథ చెప్పగలదు, పేర్లు చెప్పగలదు, లెక్క పెట్టించగలదు. అంతేకాదు, ఇప్పుడు నేర్చుకోవచ్చు కూడా. దీనికి నేను దూరదేశాల ఉదాహరణ తేనక్కరలేదు. 1990వ దశకం తొలి సంవత్సరాల్లో మన నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలిపని చేసిన స్త్రీలు రాత్రి దీపం వెలుగులో పలకలు పట్టుకున్నారు. వారి వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉంది. సారా వల్ల ఒక కుటుంబం ఎలా కూలిపోయిందో ఆ పాఠం చెబుతుంది. దూబగుంట స్త్రీలు ఆ పాఠంలో తమ ఊరిని చూసుకున్నారు. రోశమ్మ గారి వంటి వారు ముందు నిలబడగా ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు ఊరి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి పాకింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. ఆ నిషేధం ఎన్నాళ్ళు నిలిచింది, తరువాత ఎవరు సడలించారు అనేది వేరే చరిత్ర. మద్యం నిషిద్ధమని పద్నాలుగు వందల ఏళ్ళుగా మనం ప్రసంగాల్లో చెబుతున్నాం. మన జిల్లాలో దాన్ని ఆపినది మాత్రం, అప్పుడప్పుడే అక్షరం కూడబలుక్కుంటున్న తల్లులు చదివిన ఒక చిన్న కథ. చదువుకున్న తల్లి ఇంట్లో ఏం చేయగలదో ఇంతకంటే నేను చెప్పలేను. దైవప్రవక్త (స) కాలంలో షిఫా బిన్త్ అబ్దుల్లాహ్ (రజి) అనే సహాబియా విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) కు రాయడం నేర్పారు. స్త్రీ వద్ద స్త్రీ పలక పట్టిన ఆ సంప్రదాయం మన ఇళ్ళల్లో ఆగిపోవలసిన కారణం ఏదీ లేదు.

తండ్రుల విషయానికి వస్తాను. అఖ్రా బిన్ హాబిస్ అనే నాయకుడు తనకు పదిమంది పిల్లలున్నారని, ఒక్కరినీ ఎన్నడూ ముద్దు పెట్టుకోలేదని చెప్పినప్పుడు, కరుణ చూపనివాడు కరుణ పొందడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బిడ్డను పెంచడం ఆడవాళ్ళ పని అని మనం అనుకుంటున్నాం. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశం ఖుర్‌ఆన్‌లో ఉంది. అది తండ్రి చేసినది. ఆ ఉపదేశంలో మూడుసార్లు ‘నా చిట్టి తండ్రీ’ అన్నంత ముద్దు పిలుపు వస్తుంది. రాతిలో దాగిన ఆవగింజ, నడక తీరు, గాడిద గొంతు... అన్నీ పిల్లవాడి కంటికి, చెవికి అందే పోలికలే. గల్ఫ్‌లో ఉన్న తండ్రులు వీడియోలో బిడ్డ ముఖం చూసి ‘ఏం కావాలి, ఏం పంపాలి’ అని అడుగుతారు. ఆ పది నిమిషాల్లో ఒక కథ చెప్పండి. కార్గోలో పంపే బొమ్మ కంటే అది బిడ్డకు ఎక్కువ కాలం మిగులుతుంది, ఖర్చు కూడా లేదు.

ఇప్పుడు మన మస్జిద్, మన మక్తబ్ గురించి నాలుగు మాటలు. ఇవి కొందరికి చేదుగా ఉండవచ్చు.

నమాజులో దైవప్రవక్త (స) తన మనవరాలు ఉమామాను ఎత్తుకుని నిలబడేవారు. సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. వెనుక ఒక బిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు కలత చెందుతుందని నమాజును కుదించేవారు. మన మస్జిదుల్లో బిడ్డ గొంతు వినిపిస్తే సలాం తిప్పగానే నలుగురు ఒక్కసారిగా గద్దిస్తారు. ఆ బిడ్డకు మస్జిద్ గురించి దొరికిన తొలి పాఠం ఆ గద్దింపే. పదిహేనేళ్ళ తరువాత మన యువకులు మస్జిద్‌కు రావడం లేదని ఆ నలుగురే బాధపడతారు.

మక్తబ్‌లో బెత్తం సంగతి కూడా అంతే. అనస్ (రజి) పదేళ్ళు దైవప్రవక్త (స) సేవలో గడిపారు. ఆ పదేళ్ళలో తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని చెప్పారు. ప్రభుత్వ పాఠశాలలో పిల్లవాణ్ణి కొట్టడం విద్యాహక్కు చట్టం 17వ విభాగం కింద నిషిద్ధం. అల్లాహ్ గ్రంథం నేర్పే చోట అంతకంటే ఎక్కువ దయ ఉండాలి గానీ తక్కువ ఉండకూడదు. ముఅల్లిమ్‌కు మనమిచ్చే జీతం ఎంతో, ఒక్కరి ముందు ఎంతమంది పిల్లలను కూర్చోబెడుతున్నామో కూడా మనమే ఆలోచించుకోవాలి. నలభై మంది పిల్లల మధ్య ఒంటరిగా కూర్చున్న యువకుడి చేతిలోకి బెత్తం వచ్చిందంటే, దాన్ని అక్కడ పెట్టినవారిలో మనమూ ఉన్నాం.

అంగన్‌వాడీ విషయం. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద ఈ కేంద్రాలు ఏర్పడ్డాయి. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, తల్లులకు సలహాలు, మూడేళ్ళు దాటిన పిల్లలకు ఆటపాటల చదువు అన్నీ అక్కడే. రొయ్యల షెడ్లలో పనికి తెల్లవారుజామునే వెళ్ళే తల్లుల పిల్లలకు ఆ కేంద్రం ఎంత ఆసరానో చెప్పనక్కరలేదు. అయినా మనలో కొన్ని కుటుంబాలు అక్కడ పేరు రాయించవు. టీచరు మనవారు కాదని, అక్కడి పాటలు మనవి కావని సంకోచం. బద్ర్ యుద్ధం తరువాత జరిగినది గుర్తుచేసుకోండి. విమోచన ధనం ఇచ్చుకోలేని ఖైదీలలో చదవడం, రాయడం వచ్చినవారు మదీనా పిల్లలు పదిమందికి నేర్పితే చాలు, విడుదల చేస్తామన్నారు దైవప్రవక్త (స). ఆ ఉపాధ్యాయులు విశ్వాసులు కారు. మనవారిపై కత్తి ఎత్తి వచ్చినవారు. వారి ముందు తన సముదాయపు పసిపిల్లలను కూర్చోబెట్టడానికి దైవప్రవక్త (స) సంకోచించలేదు. మన వీధిలోనే ఉంటూ, మన పిల్లల ముక్కు తుడిచి అన్నం పెట్టే అమ్మాయి దగ్గర కూర్చోబెట్టడానికి మనకు సంకోచమా? ఏదైనా పాట మన విశ్వాసానికి సరిపడదనిపిస్తే వెళ్ళి మర్యాదగా చెప్పండి, వింటారు. కేంద్రంలో తాగునీరు లేదని, పైకప్పు కారుతోందని తెలిస్తే అది కూడా మన బాధ్యతే. మన పిల్లలు అక్కడ లేకపోతే మన మాటకు అక్కడ విలువ ఉండదు.

నెల్లూరులో ప్రతి ముహర్రం మాసంలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో లక్షలమంది రొట్టెలు మార్చుకుంటారు. ఆ ఆచారం ధర్మసమ్మతమా కాదా అనే చర్చ ఈ రోజు చేయడం లేదు, నా అభిప్రాయం మీలో చాలామందికి తెలుసు. కానీ విద్య రొట్టె కోసం నడుము లోతు నీళ్ళలో చెయ్యి చాచి నిలబడే తల్లిని చూసినప్పుడు, ఆమె ఆరాటాన్ని తేలికగా తీసిపారేయలేం. బిడ్డ చదువుకోవాలని ఆమెకున్న కోరిక నిజమైనది. ఆ కోరికకు దారి చూపించడం మస్జిద్ చేయవలసిన పని. మనం ఆ పని చేయకుండా ఆమెను తప్పుపడితే ఆమె మన మాట ఎందుకు వినాలి?

అందుచేత కమిటీ పెద్దలతో మాట్లాడి మూడు ఏర్పాట్లు తలపెట్టాం. వచ్చే శుక్రవారం నుంచి వుజూఖానా పక్క వరండాలో పిల్లల పుస్తకాల బీరువా ఒకటి ఉంటుంది. తెలుగు, ఉర్దూ బొమ్మల పుస్తకాలు ముందు కొంటున్నాం; మీ ఇంట్లో పిల్లలు చదివి వదిలేసిన పుస్తకాలు చిరగకుండా ఉంటే తెచ్చివ్వండి. పిల్లలు ఇంటికి తీసుకువెళ్ళవచ్చు. చించితే జరిమానా లేదు. చిరిగిన పుస్తకమంటే ఎవరో చదివారని అర్థం. కార్తెలు దగ్గరపడుతున్నాయి, ఈశాన్య రుతుపవనాల్లో వరండాలోకి నీళ్ళు వస్తాయి గనక బీరువాను రెండడుగుల దిమ్మె మీద పెట్టిస్తున్నాం. ఆ దిమ్మెకు సిమెంటు ఒకరు ఇచ్చారు, పేరు చెప్పవద్దన్నారు.

రెండవది, ఆదివారం అస్ర్ తరువాత మగ్రిబ్ వరకు ఐదేళ్ళ లోపు పిల్లలకు కథలు. చెప్పేవారు అవ్వలు, నానీలు, దాదీలు. వారి కోసం ప్రవేశద్వారం వేరుగా తెరిచి ఉంటుంది. నూహ్ (అలై) ఓడ కథ పడవలు చూసిన పిల్లలకు చెప్పడం ఎంత తేలికో మీరే చూస్తారు. మూడవది, బిస్మిల్లా ఖ్వానీ జరిపించే కుటుంబాలకు నా విన్నపం. భోజనాల్లో ఒక్క బంతి తగ్గించుకుని ఆ డబ్బుతో ఆ బిడ్డకు ఐదు పుస్తకాలు కొనండి. మౌల్వీ సాబ్ ముందు కూర్చున్నప్పుడు ఒకటి వాడి చేతిలో ఉంచండి. మక్తబ్‌కు వెళ్ళనప్పుడు వాడు ఆ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని చదివినట్టు నటిస్తే నవ్వకండి, పక్కన కూర్చోండి.

ఓ అల్లాహ్! ఆదం (అలై) కు పేర్లు నేర్పినవాడవు నీవే, కలంతో నేర్పినవాడవు నీవే. మా పిల్లల చెవులను మంచి మాటలతో, వారి కళ్ళను వెలుగుతో, వారి హృదయాలను నీ పట్ల ప్రేమతో నింపు. సముద్రం మీదకు వెళ్ళిన మా సోదరులను, దూరదేశాల్లో ఉన్న తండ్రులను క్షేమంగా వారి పిల్లల వద్దకు చేర్చు. తల్లీతండ్రీ లేని పిల్లలకు కథ చెప్పే ఒడిని మాలోనే కల్పించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!